పాంపిడూ సెంటర్ మూసేశారంటే డిజైన్ ఫెయిలైనట్టేనా?

ప్రశ్న, కుదించి: "మాది చిత్తూరు. ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. పారిస్‌లో మ్యూజియం, లైబ్రరీ ఉన్న పాంపిడూ సెంటర్‌ను రిపేర్ల కోసం 2030 దాకా మూసేశారు కదా. మా సార్ ఒకరు 'పైపులు తెచ్చి బయట పెడితే ఇంతే, యాభై ఏళ్లకే మూలబడింది' అంటారు. ఇంకో మేడమ్ 'అది గత శతాబ్దపు గొప్ప కట్టడం, దాని మీద చెయ్యి వేయడమే తప్పు' అంటారు. వచ్చే వారం దీని మీద నా సెమినార్. ఎవరి మాట పట్టుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. బిల్డింగ్ మెయింటెనెన్స్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా చెప్పండి. ఎప్పుడైనా వెళ్లి చూడాలని కూడా ఉంది."

అమ్మా, నేను తిరుపతిలో భవనాల నిర్వహణ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. యాత్రికుల వసతి గృహాలు, ఆఫీసు బిల్డింగులు, కొన్నాళ్లు ఒక ఆసుపత్రి. నీళ్లు, కరెంటు, లిఫ్టులు, ఏసీలు, గోడల్లో చెమ్మ, వీటితోనే నా ఉద్యోగమంతా గడిచింది. మా అమ్మాయి ఫ్రాన్స్‌లో చదువుకునే రోజుల్లో వెళ్లి ఈ పాంపిడూ సెంటర్‌ను తీరిగ్గా చూశాను కూడా.

ముందే చెప్పేస్తాను, మీ సార్ మాటా మీ మేడమ్ మాటా రెండూ నేను ఒప్పుకోను. పైపులు బయట ఉన్నందువల్ల ఆ భవనం మూతపడలేదు. అలాగని ముట్టుకోకూడనిదీ కాదు. నా దిగులంతా వేరే చోట ఉంది. మొదట్లో ఆ భవనం మామూలు జనానికి ఎంత తెరిచి ఉండేదో, 2030లో మళ్లీ అంత తెరుస్తారా అన్నదే నాకు ముఖ్యం. అందంగా ఉందా లేదా అని కొట్టుకునేవాళ్లు ఈ సంగతే వదిలేస్తున్నారు.

దాని పుట్టుక కొంచెం తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. పారిస్ నడిబొడ్డున బోబూర్ అనే చోట, లే ఆల్ అనే పాత మార్కెట్‌కు దగ్గర్లో, కార్లు నిలుపుకోవడానికి వాడే ఖాళీ జాగా ఒకటి ఉండేది. అధ్యక్షుడు జార్జ్ పాంపిడూ అక్కడ ఆధునిక కళల మ్యూజియం, పెద్ద పబ్లిక్ లైబ్రరీ, సంగీత పరిశోధన కేంద్రం ఒక్కచోట రావాలన్నారు. 1971లో అంతర్జాతీయ పోటీ పెడితే 681 డిజైన్లు వచ్చాయి. గెలిచింది రెంజో పియానో, రిచర్డ్ రోజర్స్, జాన్‌ఫ్రాంకో ఫ్రాంకీని. పియానో, రోజర్స్ ఇద్దరికీ అప్పటికి నలభై కూడా నిండలేదు, చెప్పుకోదగ్గ పెద్ద కట్టడమూ లేదు. స్ట్రక్చర్ పని ఓవ్ ఆరప్ సంస్థ ఇంజనీర్లది, అందులో పీటర్ రైస్‌ది పెద్ద చెయ్యి. 1977 జనవరి 31న ప్రారంభించారు. పాంపిడూ అది చూడలేదు, 1974లోనే పోయారు.

ఈ డిజైన్‌లో అందరూ గొట్టాల గురించే మాట్లాడతారు గానీ, నాకు అన్నిటికంటే నచ్చింది స్థలంలో దాదాపు సగం కట్టకుండా వదిలేయడం. రాజధాని నడుమ, గజం గజం లెక్కపెట్టుకునే చోట, సగం జాగా జనం కూర్చోవడానికి వదిలారు. అది భవనం వైపు కొంచెం వాలుగా దిగుతుంది. నేను వెళ్లిన సాయంత్రం ఆ వాలులో పిల్లలు బ్యాగులు తల కింద పెట్టుకుని పడుకుని ఉన్నారు, ఒకాయన ఏదో వాయిస్తున్నాడు, ఎవరూ ఎవరినీ లెమ్మనడం లేదు. సెమినార్‌లో ప్లాన్ చూపించేటప్పుడు ఈ ఖాళీని కూడా రంగు వేసి చూపించు. డిజైన్‌లో అది సగం.

ఇక గొడవ. కట్టేటప్పుడే కోర్టు కేసులు పడ్డాయి. తెరిచాక రిఫైనరీ అన్నారు, గొట్టాల నోటర్ డామ్ అన్నారు. రోజర్స్ ఒక సంగతి చెప్పేవారు. వానలో ఆ భవనం ముందు నిలబడి ఉంటే ఒక పెద్దావిడ పలకరించిందట, దీన్ని కట్టింది నేనే అనగానే గొడుగుతో కొట్టిందట. అలాంటి భవనాన్ని చూడడానికి మొదటి 20 ఏళ్లలో 15 కోట్లకు పైగా జనం వచ్చారు. అనుకున్నదాని కంటే ఎన్నో రెట్లు. ఈ లెక్క గుర్తుపెట్టుకో, అరుగుదల గురించి మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

కొత్త కట్టడం చూసి జనం కోప్పడటం మనకేమీ కొత్త కాదు. 2022లో తిరుపతి రైల్వే స్టేషన్ కొత్త డిజైన్ బొమ్మలు బయటికి రాగానే ఎంత గోల జరిగిందో మీ ఇంట్లోవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఐటీ ఆఫీసులా ఉంది, తిరుపతి అనిపించే ఆనవాలు ఒక్కటీ లేదు అని ఊరంతా అంది. నేనూ ఆ మాట అన్నవాడినే. కొండకు వచ్చే మనిషికి రైలు దిగగానే ఊరు కనిపించాలి కదా. కాబట్టి పారిస్ వాళ్ల కోపాన్ని నేను చిన్నచూపు చూడను. పాత ఊరి మధ్యలో, చుట్టూ రాతి మేడలున్న చోట అంత పెద్ద ఇనుప చట్రం లేస్తే ఉలిక్కిపడటం సహజమే. కానీ నచ్చకపోవడం వేరు, పని చేయకపోవడం వేరు. మీ సార్ ఈ రెండింటినీ ఒక్కటి చేస్తున్నారు. అక్కడే నాకు అభ్యంతరం.

పని చేసిందా లేదా అన్నది నా సబ్జెక్టు కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

భవనం పొడవు 166 మీటర్లు, ఎత్తు సుమారు 42 మీటర్లు. ఒక్కో అంతస్తులో 48 మీటర్ల వెడల్పున మధ్యలో ఒక్క స్తంభం ఉండదు. నువ్వు డ్రాయింగ్ బోర్డు మీద గీస్తే అదేమంత అనిపించదు. తిరుపతిలో ఒక కల్యాణ మండపంలోకి వెళ్లి స్తంభాలు లెక్కపెట్టు, అప్పుడు తెలుస్తుంది. ఆ ఖాళీ ఎలా వచ్చిందంటే, గెర్బెరెట్ అనే పోత ఉక్కు ముక్క వల్ల. ఒక్కొక్కటి 8 మీటర్ల పైచిలుకు పొడవు, సుమారు 10 టన్నుల బరువు. గెర్బర్ అనే 19వ శతాబ్దపు జర్మన్ ఇంజనీరు పేరు మీద ఆ పేరు. మన పల్లెల్లో పాత బావుల దగ్గర ఏతం చూసి ఉంటే ఇది వెంటనే అర్థమవుతుంది. మధ్యలో స్తంభం మీద ఇరుసు, లోపలి కొన మీద అంతస్తును మోసే పొడవాటి ట్రస్సు (ఉక్కు కడ్డీలతో అల్లిన దూలం) బరువు, బయటి కొనను నేలలోకి లాగి పట్టుకునే నిలువు కడ్డీ. లోపలి బరువుకు బయటి లాగుడు సరి. ఈ ఏర్పాటు వల్లే స్తంభానికీ బయటి కడ్డీలకూ మధ్య ఒక సందు ఏర్పడింది. ఎస్కలేటర్లకు, లిఫ్టులకు, గొట్టాలకు ఆ వైపే చోటు దొరికింది. అంటే గొట్టాలు బయటికి రావడం సోకు కోసం తర్వాత అతికించింది కాదు, స్ట్రక్చర్‌తో పాటే పుట్టింది. స్తంభాలు బోలుగా ఉంటాయి, మంట అంటుకుంటే ఉక్కు మెత్తబడకుండా వాటిలో నీళ్లు నింపారు. దీన్ని వేషం అనేవాళ్లు ఈ ఒక్క విషయం చదివితే చాలు.

రంగులు కూడా అంతే. నీలం గాలికి, ఆకుపచ్చ నీళ్లకు, పసుపు కరెంటుకు, ఎరుపు మనుషులు కదిలే లిఫ్టులకు, మెట్లకు. వెనకవైపు రూ ద్యు రెనార్ అనే వీధిలో నిలబడితే, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఫిట్టర్‌కు కూడా ఏ గొట్టం దేనిదో చెప్పనక్కర్లేదు. మీ కాలేజీ భవనంలో ఏ పైపు ఎటు పోతుందో వాచ్‌మన్‌ను అడిగి చూడు. పాత ప్లంబర్ ఒక్కడికే తెలిసి ఉంటుంది, ఆయన ఫోను ఎత్తడు.

నా అనుభవంలో ఒక వసతి గృహంలో జరిగింది చెబుతాను. నాలుగు అంతస్తులు, పైపులన్నీ గోడల్లో కన్సీల్డ్. రెండో అంతస్తు గది సీలింగ్‌లో చెమ్మ కనిపించింది. మొదట రంగు ఉబ్బింది, తర్వాత సున్నం పెళ్లలు రాలి మంచం మీద పడ్డాయి. సరిగ్గా పైగదిలో బాత్రూమ్ టైల్స్ పగలగొట్టాం, పైపు పొడిగా ఉంది. పక్క గదిలో పగలగొట్టాం, అదీ పొడే. చివరికి చూస్తే కారుతున్నది ఇంకా పై అంతస్తులో, మూడు గదుల అవతల. నీళ్లు స్లాబు లోపల కడ్డీల వెంట నడుచుకుంటూ వచ్చి ఇక్కడ బయటపడ్డాయి. ఆ వేలెడంత ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, మార్చడానికి ఎంతసేపో పట్టలేదు. దాన్ని వెతకడానికి, పగలగొట్టినవి మళ్లీ కట్టడానికి ఒక సీజన్ అంతా ఆ గదులు యాత్రికులకు ఇవ్వలేకపోయాం. బేల్దారి మేస్త్రీ ప్రతి గోడ మీదా సుత్తితో తట్టి చప్పుడు వింటుంటే నాకు ప్రాణం విసిగిపోయింది. గోడలో దాచిన ప్రతి పైపూ ఏదో ఒకరోజు గోడను అడుగుతుంది. పాంపిడూ సెంటర్ రూపకర్తలకు ఈ బాధ తెలుసు. గొట్టాలకు ఆయుష్షు తక్కువ, చట్రానికి ఎక్కువ. తక్కువ బతికేదాన్ని ఎక్కువ బతికేదానిలో పాతిపెట్టకూడదన్నది వాళ్ల వాదన. నూటికి నూరుపాళ్లు సరైన వాదన.

అయితే దీనికి మూల్యం ఉంది, అది కూడా చెప్పాలి. బయట ఉన్నది ఎండకు ఎండి వానకు నానుతుంది. తిరుపతి ఎండలో బయట వేసిన పీవీసీ పైపు కొన్నేళ్లకే పెళుసెక్కి, నిచ్చెన తగిలితే చిట్లుతుంది. పారిస్‌లో ఎండ బాధ అంత లేదు, కానీ తేమ, మంచు, పొగ. ఉక్కుకు తుప్పు. నేను దగ్గరికి వెళ్లి చూసినప్పుడు ఒక నీలం గొట్టం కింది అంచున పెయింటు పొర లేచి, దాని కింద గోధుమరంగు గీత వేలంత పొడవున కనిపించింది. ఉక్కును బయట పెట్టినవాడు రంగు డబ్బా ఎప్పుడూ చేతిలో పట్టుకునే ఉండాలి. లోపల ఏసీ ఉన్న అంత పెద్ద అద్దాల గోడ నుంచి చలీ వేడీ రెండూ దూరిపోతాయి, కరెంటు బిల్లు మోయలేనిదవుతుంది. చమురు చౌకగా దొరికిన కాలపు ఆలోచన అది. చమురు సంక్షోభం 1973లో వచ్చేసరికి వీళ్ల డ్రాయింగులు అయిపోయి కట్టడం నడుస్తోంది. మీ సార్ నిజంగా తప్పు పట్టదలుచుకుంటే గొట్టాలను కాదు, ఆ అద్దాల గోడను పట్టుకోమను. అక్కడ ఆయన మాటకు బలం ఉంటుంది.

ఇప్పుడు మూత ఎందుకు అన్నది. పెద్ద కారణాల్లో మొదటిది ఆస్బెస్టాస్. మన భాషలో రాతినార. ఆ భవనం ముఖభాగాల్లో అది ఉంది. 1970లలో నిప్పు అంటదని, చౌకని ప్రపంచమంతా వాడింది. ఫ్రాన్స్‌లో 1997 నుంచి నిషేధం. కాబట్టి ఇది పియానో, రోజర్స్‌ల వింత ఆలోచన తెచ్చిన జబ్బు కాదు. అదే ఏళ్లలో కట్టిన చతురస్రపు ఆఫీసు డబ్బాల్లోనూ ఇదే జబ్బు. మన సంగతి చూడు, పీలేరు పోయినా పుత్తూరు పోయినా సిమెంటు రేకుల కప్పులే. వాటిలోనూ ఉండేది ఈ రాతినారే. రేకు కదలకుండా ఉన్నంతకాలం పెద్ద ప్రమాదం లేదు. దాన్ని కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు కంటికి కనిపించని నార గాల్లోకి లేస్తుంది, ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు, జబ్బు పది ఇరవై ఏళ్ల తర్వాతగానీ బయటపడదు. మన వీధుల్లో కటింగ్ మెషీన్ పెట్టి, ముఖానికి గుడ్డ కూడా లేకుండా ఆ రేకులు కోసే పిల్లవాళ్లను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. నువ్వు రేపు సైటుకు వెళ్లినప్పుడు ఆ పని జరుగుతుంటే ఆపించు, కనీసం రేకును తడిపి, మాస్కు కట్టించి చేయించు.

ఈ రాతినార తీసే పని ఎలా చేస్తారో తెలిస్తే, భవనం తెరిచి ఉంచి ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పనిచేసే చోటును చుట్టూ షీట్లతో మూసేస్తారు. లోపలి గాలిని ఫిల్టర్ల గుండా బయటికి లాగుతూ, ఎప్పుడూ గాలి లోపలికే పోయేట్టు, బయటికి రాకుండా చూస్తారు. మనుషులు మొత్తం కప్పుకునే సూట్లు వేసుకుని, బయటికి వచ్చేటప్పుడు స్నానం చేసి గానీ రారు. పక్క హాల్లో పికాసో, మతీస్ బొమ్మలు పెట్టుకుని, స్కూలు పిల్లలను నడిపిస్తూ ఈ పని చేయలేరు. దీనికి తోడు అద్దాలు మార్చాలి, తుప్పు పట్టిన ఉక్కు చూడాలి, అగ్ని భద్రత ఇప్పటి నిబంధనలకు తేవాలి, వీల్‌చైర్ మీద వచ్చేవాళ్లకు దారులు కావాలి, లిఫ్టులు, ఎస్కలేటర్లు పాతబడ్డాయి. 1997 నుంచి 1999 దాకా ఒకసారి చాలావరకు మూసి, లోపల మార్పులు చేసి 2000 జనవరి 1న తెరిచారు. అప్పుడు ఈ లోతైన జబ్బులు ముట్టుకోలేదు. అందుకే ఇది రెండోసారి.

కొంచెం తెరిచి కొంచెం మూసి దశలవారీగా చేయడం గురించి కూడా ఆలోచించారు. దానికి ఇంకా ఎక్కువ ఏళ్లు, ఎక్కువ డబ్బు అని 2021లో పూర్తి మూతకే ప్రభుత్వం మొగ్గింది. నడుస్తున్న భవనంలో రిపేరు చేయడమంటే ఏమిటో నాకు తెలుసు. రాత్రి పది తర్వాత డ్రిల్లింగ్, తెల్లారేసరికి దుమ్ము తుడవడం, అయినా కస్టమర్ కంప్లయింట్లు. పూర్తిగా మూసి చేయడమే పనివాళ్లకు మంచిది, పనికీ మంచిది. మొదట 2023 చివర మూసి 2027లో, అంటే 50 ఏళ్ల పండుగకు తెరవాలనుకున్నారు. 2024 ఒలింపిక్స్ రావడంతో వాయిదా వేశారు. మ్యూజియం శాశ్వత సేకరణను 2025 మార్చిలో, మొత్తం భవనాన్ని 2025 సెప్టెంబర్ 22న మూశారు. కాబట్టి యాభయ్యో పుట్టినరోజు మూసిన తలుపుల వెనకే.

ఈ నిర్ణయం మీద వ్యతిరేకత గట్టిగానే వచ్చింది. 2023 చివర్లో అక్కడి ఉద్యోగులు సమ్మెకు దిగారు, నెలల తరబడి సాగింది. మూసిన ఏళ్లలో మమ్మల్ని ఎక్కడ పెడతారు, తెరిచాక మా పనులు ఉంటాయా, బయటి ఏజెన్సీలకు ఇచ్చేస్తారా అని అడిగారు. అది భవనం మీద అభిప్రాయం కాదని కొందరు పక్కన పెడతారు. నేను పెట్టను. ఏ వాల్వు ఎప్పుడు మొరాయిస్తుందో తెలిసిన మనిషిని ఐదేళ్లు దూరం పెడితే, కొత్త యంత్రాల ముందు కొత్త మనుషులు మాన్యువల్ పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. భవనం జ్ఞాపకం ఆ ఉద్యోగుల్లో ఉంటుంది.

డబ్బు విషయం త్వరగా చెబుతాను. సాంకేతిక పనులకు 26.2 కోట్ల యూరోలు, మన లెక్కలో సుమారు 2,600 కోట్ల రూపాయలు, ఫ్రెంచి ప్రభుత్వం ఇస్తుందని ప్రకటించారు. లోపలి మార్పులకు కావలసింది సెంటరే విరాళాలు, ఒప్పందాల ద్వారా తెచ్చుకోవాలి, సౌదీ అరేబియా నుంచి 5 కోట్ల యూరోలు అందులో ఒక భాగం. ఒక భవనానికి ఇంతా అని అక్కడివాళ్లు అడుగుతున్నారు, అడగాలి కూడా. నేను మాత్రం ఒకటే అంటాను, ఏటా చేయాల్సిన మెయింటెనెన్స్‌కు డబ్బు కోస్తూ పోతే ఇరవై ఏళ్లకు ఒకసారి ఇలాంటి బిల్లు వస్తుంది. మన ఆఫీసుల్లో బడ్జెట్ సమావేశాల్లో మొదట కోత పడేది పెయింటింగ్, వాటర్‌ప్రూఫింగ్ పద్దుల మీదే. కొత్త భవనానికి శంకుస్థాపన ఫొటో ఉంటుంది, కారే కప్పుకు తారు వేస్తే ఫొటో ఉండదు.

ఇప్పుడు మీ మేడమ్ మాటకు వస్తాను. చెయ్యి వేయడమే తప్పు అన్నది ఈ భవనం విషయంలో అసలు పొసగదు. మార్చుకోవడానికి వీలుగా కట్టిన భవనం అది. లోపల గోడలు కదపవచ్చు, గొట్టాలు విప్పవచ్చు. దాన్ని గాజు పెట్టెలో పెట్టి కాపాడతామంటే కట్టినవాళ్ల ఉద్దేశానికే విరుద్ధం. కానీ ఆమె భయం వెనక ఉన్న ప్రేమ నాకు అర్థమవుతుంది. రిపేరు పేరుతో పోగొట్టుకోవడం మనం చూశాం. తిరుమల గుడి ఎదురుగా ఉన్న వేయికాళ్ల మండపాన్ని 2003లో తీసేశారు. జనం రద్దీకి జాగా కావాలన్నది కారణం. రద్దీ నిజమే, అయినా ఆ రాతి స్తంభాలు నా చిన్నతనం నుంచి చూసినవాడిగా ఈరోజుకీ అటు వెళితే కళ్లు వాటినే వెతుక్కుంటాయి. అటుపక్క చంద్రగిరి రాజమహల్ చూడు. రాయి, ఇటుక, సున్నంతోనే, కలప వాడకుండా మూడంతస్తులు కట్టారు. మరమ్మతులు చేస్తూ, లోపల మ్యూజియం పెట్టి, జనం నడుస్తూ ఉన్నందుకే అది నిలబడి ఉంది. ముట్టుకోకుండా వదిలేసిన పాత సత్రాలు ఎన్ని రావిచెట్లు మొలిచి కూలాయో మీ ఊళ్లోనే కనిపిస్తాయి. పారిస్‌లో ఇప్పుడు మొరో కుసునోకి అనే ఆర్కిటెక్చర్ సంస్థ, మెక్సికో ఆర్కిటెక్ట్ ఫ్రీడా ఎస్కొబెడోతో కలిసి లోపలి మార్పులు చేస్తోంది. చట్రం, గొట్టాలు, ఎస్కలేటర్ ఉండే విధంగానే. అది సరైన దారి అని నా అభిప్రాయం.

నేను నిజంగా మనసు పెట్టి చెప్పదలుచుకున్నది ఇక్కడ ఉంది. ముఖభాగం మీద ఏటవాలుగా పాకే ఆ గాజు సొరంగంలోని ఎస్కలేటర్ మొదట్లో అందరికీ ఫ్రీ. మ్యూజియం టికెట్ కొనక్కర్లేదు. ఏ పని లేనివాడైనా ఎక్కి పైకి వెళ్లి పారిస్ కప్పులన్నీ చూసి దిగిరావచ్చు. మొదటి ఏళ్లలో వచ్చిన జనంలో చాలామంది దానికోసమే వచ్చారు. 2000లో తిరిగి తెరిచాక దానికి టికెట్ పెట్టారు. గొట్టాలకు తుప్పు పట్టడం కంటే ఈ మార్పు నాకు ఎక్కువ నష్టంగా కనిపిస్తుంది. జనం ఎక్కే వీధినే నిలువుగా లేపి గోడకు ఆనించామన్నారు కట్టినవాళ్లు. వీధికి టికెట్ పెడితే అది వీధి కాదు. మొన్నటి రిపేరులో ఇది జరిగింది కాబట్టి ఈ రిపేరులో ఏం జరుగుతుందోనని కాపలా ఉండాలి.

రెండోది లైబ్రరీ. అందులోకి వెళ్లడానికి మెంబర్‌షిప్ లేదు, డబ్బు లేదు, ఏ ఊరు, ఏ దేశం అని అడగరు. సుమారు 2,000 మంది కూర్చునే చోటు. నేను చూసిన రోజు లోపలికి పోవడానికి వెనకవీధిలో క్యూ ఉంది, అందులో విద్యార్థులు ఉన్నారు, చలికి తలదాచుకోవడానికి వచ్చిన పెద్దవాళ్లూ ఉన్నారు. గోడల మీద బొమ్మల కోసం దూరదేశాల నుంచి వచ్చేవాళ్లు వేరే తలుపులో, వీళ్లు ఈ తలుపులో. మన గ్రంథాలయాల్లో గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి ఫ్యాను కింద కుర్చీకి పుస్తకం పెట్టి పట్టుకుంటారు చూడు. ఆ కుర్చీ ఒక్కటి పోతే ఆ పిల్లవాడి సంవత్సరం పోతుంది, అద్దె గదిలో చదువు సాగదు. అలాంటి చోటును ఐదేళ్లు మూస్తే నష్టపోయేది టూరిస్టు కాదు, వాడు ఇంకో మ్యూజియంకు వెళతాడు. ఈ ఒక్క విషయంలో వాళ్లు బాధ్యతగా నడిచారు, లైబ్రరీని పూర్తిగా ఆపకుండా పారిస్‌లోనే బెర్సీ వైపు లూమియేర్ అనే భవనంలోకి మార్చి 2025లోనే తెరిచారు. పాత చోటంత పెద్దది కాదు, కానీ తలుపు తెరిచి ఉంది. మన దగ్గర ఏ లైబ్రరీకైనా రిపేరు మొదలుపెట్టేముందు తాత్కాలిక రీడింగ్ రూమ్ ఎక్కడో ముందు చెప్పి, తర్వాత తాళం వేయమని అడగాలి. టెండర్ కాగితాల్లోనే అది ఉండాలి.

సెమినార్‌కు నా సలహా అడిగితే, అందంగా ఉందా, అసహ్యంగా ఉందా అన్న స్లైడు పెట్టకు. అడ్డకోత, అంటే భవనాన్ని కోసి లోపల చూపినట్టుండే బొమ్మ, ఒకటి పెద్దగా వేసి, అందులో ఏది వందేళ్లు బతకాలి, ఏది ముప్పై ఏళ్లకు మార్చాలి, ఏది పదేళ్లకు రంగు వేయాలి అని మూడు రంగుల్లో చూపించు. దాని పక్కనే ప్లాన్ పెట్టి, టికెట్ లేకుండా మనిషి ఎక్కడిదాకా వెళ్లగలడో 1977లో ఒక గీత, 2000 తర్వాత ఒక గీత గీయి. మీ సార్, మేడమ్ ఇద్దరూ ఆ రెండో గీత దగ్గర ఆగి మాట్లాడుకోవాల్సి వస్తుంది. గెర్బెరెట్ బొమ్మ మాత్రం తప్పకుండా చేత్తో గీయి, కంప్యూటర్‌లో దింపుకోకు. ఇరుసు ఎక్కడుందో చేత్తో గీస్తేనే బుర్రకెక్కుతుంది.

ఎప్పుడైనా వెళ్లి చూడాలనుందని చివర్లో రాశావు. పని ముగిసేదాకా లోపలికి పంపరు, బయటి నుంచి చూసిరావచ్చు, సారవ కట్టినా చట్రం తెలుస్తుంది. సేకరణలోని బొమ్మలు ఈలోగా వేరే ఊళ్లకు, వేరే మ్యూజియంలకు వెళుతున్నాయి. పారిస్‌లో గ్రాన్ పాలే అనే ప్రదర్శనశాలలో ప్రదర్శనలు పెడుతున్నారు. మెట్జ్ అనే ఊళ్లో 2010లో తెరిచిన శాఖ ఒకటి ఉంది, షిగెరు బాన్, జాన్ ద గాస్తిన్ కట్టారు, కలప అల్లికతో టోపీలా ఉండే కప్పు. ఆర్కిటెక్చర్ విద్యార్థికి అది కూడా చూడాల్సిందే. పారిస్ నుంచి రైల్లో ఒక్కరోజులో వెళ్లిరావచ్చు. సెమినార్ అయ్యాక మీ సార్ ఏమన్నారో ఇక్కడే రాయి. అద్దాల గోడ గురించి ఆయన అడిగితే లెక్కలతో సహా చెబుతాను.